నెల్లూరు ఎండల్లో ఇంటి చదువు పిల్లలకి సైన్సు ఎట్టా చెప్తున్నారు?

పెన్నగట్టు_అమ్మ
మాది నెల్లూరు. బాబుకి పదేళ్లు, పాపకి ఏడు. పోయిన జూన్ నుంచి బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాం. తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు బాగానే నడుస్తున్నాయి, సైన్సు దగ్గరే ఆగిపోతున్నాం. ఎవరో చెప్పారని విదేశీ నేచర్ స్టడీ ఫైలు ఒకటి డబ్బులు పెట్టి కొన్నాను. వారానికో పాఠం. మొదటి వారం ఓక్ చెట్టు కాయలు, రెండో వారం మంచు పలుకుల ఆకారాలు, మూడో వారం చలికాలం ముందు అడవంతా ఎందుకు ఎర్రబడుతుంది. మన వీధిలో ఎర్రబడేది బాదం చెట్టు ఒక్కటే, అది కూడా దాని ఇష్టం వచ్చినప్పుడు. పిల్లలు థర్మాకోల్ గీకి మంచు చేశారు, ఇల్లంతా చిమ్మారు, అంతే. ఏప్రిల్ మొదలైందో లేదో పది దాటితే బయట కాలు పెట్టలేకపోతున్నాం. మా అత్తగారేమో "బడికి పంపకుండా పురుగుల వెంట తిప్పడం ఏంది" అని రోజూ ఒకసారి అంటారు. నేను చదివింది బీకాం. ఈ చుట్టుపక్కల వాళ్లు ఎవరైనా ఉంటే మీరు ఏం చేయిస్తున్నారో చెప్పండి. పుస్తకంలో ఉన్నది కాదు, నిజంగా చేయిస్తున్నది.

చేపలపులుసు
చేప కడిగేటప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. మొప్పలు, గాలితిత్తి, గుడ్లు, అన్నీ అక్కడే ఉన్నాయి. పాఠం అయ్యాక పులుసు కూడా వస్తుంది.

కావలి_అక్క
నవ్వులాట కాదు, పై ఆయన చెప్పింది మంచి పాఠమే. మొప్పల కింద ఎర్రగా ఎందుకుందో అడిగితే ఊపిరి, నెత్తురు రెండూ వచ్చేస్తాయి.

ఆ ఫైలు పక్కన పడెయ్యండి. మా పెద్దోడు ఇప్పుడు ఇంటర్, చిన్నదానికి పదకొండు, ఇద్దరూ ఇంటి చదువే. మేం చేసింది ఒకటే, ఒక చోటు పట్టుకుని ఏడాది పొడుగునా అదే చోటుకి పోవడం. మాకు ఊరి బయట ఒక పాత బావి, దాని పక్కన ఈత చెట్లు. వానలు పడ్డాక గిజిగాళ్లు వచ్చి గూళ్లు కడతాయి. కట్టేది మగదే. సగం కట్టి కొమ్మకి వేలాడుతూ రెక్కలు కొట్టి పిలుస్తుంది, ఆడది వచ్చి చూసి నచ్చితేనే మిగతా సగం, గొట్టంతో సహా పూర్తవుతుంది. నచ్చకపోతే ఆ సగం గూడు అట్టాగే ఎండిపోతుంది. మా పాప ఏ చెట్టుకి ఎన్ని సగం గూళ్లు, ఎన్ని పూర్తివి అని రాసుకుంటూ ఉంటే, ఎక్కువ గూళ్లు బావి నీళ్ల వైపు వంగిన కొమ్మలకే ఉన్నాయని తనే కనిపెట్టింది. నేను చెప్పలేదు.

ఇప్పుడైతే కోకిల, కాకి చూడండి. ఈ ఎండాకాలమే కాకులు గూళ్లు పెట్టేది, కోకిల దాంట్లో గుడ్డు పెట్టి పోయేది. ఉదయం ఆరు గంటలకి మేడ మీద కూర్చుంటే చాలు. ఎండలో తిరగాల్సిన పని లేదు.

లెక్కలమాస్టారు
నేను జడ్పీ హైస్కూల్లో పని చేస్తాను. ఇంటి చదువుకి నేను వ్యతిరేకినే, అది ముందే చెప్పేస్తున్నా, తర్వాత తిట్టుకోవద్దు. ఇట్టాంటి చర్చలు చాలా చదివాను. పిట్టని చూశాం, ఆకుని అతికించాం, బొమ్మ గీశాం. చూడటం బాగుంది, కాదనను. కానీ కొలత లేకపోతే అది సైన్సు కాదండీ, షికారు. మా ల్యాబులో సామాన్లు సగం లేవు, అయినా స్కేలు, గడియారం ఉన్నాయి. మీ ఇళ్లలో అవన్నా ఉన్నాయా?

కావలి_అక్క
గూళ్లు లెక్కపెట్టడం కొలత కాదా సార్?

లెక్కలమాస్టారు
లెక్కపెట్టి ఊరుకుంటే కాదు. ఏ దిక్కు కొమ్మకి ఎన్ని, గాలి ఎటు నుంచి, ఈ ఏడు ఎన్ని, వచ్చే ఏడు ఎన్ని, పట్టిక వేస్తే అవుతుంది. మీ పాప వేసి ఉంటే మాట వెనక్కి తీసుకుంటా.

కావలి_అక్క
వేసింది. తీసుకోండి.

రొయ్యలగుంట
మాస్టారు ఒక్క పోస్టులోనే ఫెయిలయ్యారు 😄

మాది విడవలూరు వైపు, వనామి రొయ్యల గుంటలు. కొలతలు కావాలంటే మా దగ్గరికి రండి, మా బతుకే కొలతలు. తెల్లవారుజామున నాలుగింటికి గుంట దగ్గర నిలబడితే ఒక వింత తెలుస్తుంది. నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువుండేది అప్పుడే. పగలు నీళ్లలో ఉండే పచ్చటి నాచు, అంటే కంటికి విడిగా కనిపించని సన్న నాచు, ఎండలో ఆక్సిజన్ వదులుతుంది. మధ్యాహ్నం మూడింటికి మీటరు పెడితే నిండా ఉంటుంది. పొద్దు గూకాక అదే నాచు రొయ్యలతో పోటీపడి పీల్చుకుంటుంది. అందుకే రాత్రంతా నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పేది. ఆక్సిజన్ 4 పీపీఎం, అంటే లీటరుకి 4 మిల్లీగ్రాముల కంటే కిందికి పోనివ్వం. కరెంటు పోతే డీజిల్ ఇంజనుకి పరిగెత్తేది ఇందుకే. చెట్లు ఆక్సిజన్ ఇస్తాయి అని పుస్తకంలో ఒక్క లైను రాసి వదిలేస్తారు, రాత్రి అవి కూడా పీలుస్తాయని మా కూలీలకి తెలిసినంత గట్టిగా డిగ్రీ పిల్లలకి తెలియదు.

పీహెచ్ కూడా ఉదయం కంటే సాయంత్రం ఎక్కువ ఉంటుంది, ఎందుకో మాస్టారు చెప్తారు.

ఒకటి జాగ్రత్త. పిల్లలతో వస్తే చెప్పి రండి. గట్ల మీద మోటార్ల వైర్లు ఉంటాయి, గుంట లోతు పైకి తెలియదు. ఊరికే వచ్చి దిగొద్దు.

లెక్కలమాస్టారు
పగలు నాచు నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ వాడేసుకుంటుంది. అది నీళ్లలో కరిగి ఉంటే ఆమ్లగుణం వస్తుంది, తగ్గితే పీహెచ్ పెరుగుతుంది. గోళీసోడా తెరిచి వదిలేస్తే పులుపు తగ్గేది కూడా ఇదే సంగతి.

ఇది మంచి పాఠం, ఒప్పుకుంటున్నా.

పెన్నగట్టు_అమ్మ
నాలుగింటికి లేవడం మా ఇంట్లో జరిగే పని కాదు, కానీ బాబు అప్పుడే గాజు సీసాలో నీటిమొక్క వేసి కిటికీలో పెట్టాడు. బుడగలు వస్తున్నాయి. సీసాని నీడలోకి జరిపితే తగ్గుతున్నాయి. పొద్దుటి నుంచి జరపడమే పని.

అభ్రకం88
సైదాపురం వైపు ఎప్పుడైనా వస్తే రోడ్డు పక్కన మట్టి మెరుస్తూ ఉంటుంది, అదంతా కాకిబంగారం, అంటే అభ్రకం. ఒక ముక్క ఇంటికి తెచ్చుకుని గుండుసూదితో పొరలు తియ్యండి. ఎన్ని తీసినా ఇంకో పొర ఉంటుంది, చివరికి అద్దంలా అవతలివి కనిపిస్తాయి. మా ముత్తాత గనిలో పని చేసినోడు. ఈ పొరలు తీయడానికి అప్పట్లో ఊళ్లకి ఊళ్లే కూర్చునేవంట. పాత ఇస్త్రీపెట్టె ఏదైనా పాడైతే విప్పి చూపించండి, వేడెక్కే తీగ చుట్టింది ఈ అభ్రకం రేకుకే. కరెంటు దాటనివ్వదు, వేడికి కాలదు.

వదిలేసిన గనుల గుంటల దగ్గరికి మాత్రం వద్దు. నీళ్లు నిండి ఉంటాయి, అంచు ఎప్పుడు జారుతుందో చెప్పలేం. రోడ్డు మీద దొరికింది చాలు.

పలకాబలపం
మార్కాపురం నుంచి. మీ అభ్రకం పొరలు, మా పలక రాయి పొరలు పక్కపక్కన పెట్టి పిల్లల్ని అడగండి, రెండూ ఒకటేనా అని. కాదు. అభ్రకంలో స్ఫటికమే అట్టా కట్టి ఉంటుంది, పొరకీ పొరకీ మధ్య పట్టు తక్కువ, ఎంత చిన్న ముక్క తీసుకున్నా అంతే. పలక రాయి ఒకప్పుడు బంకమన్ను. భూమి లోపల ఒత్తిడికి దాంట్లోని సన్నటి రేకులన్నీ ఒకే వైపుకి పడుకున్నాయి, అందుకని ఆ వైపుకే చీలుతుంది. ఆ రేకుల్లో ఎక్కువ భాగం అభ్రకం జాతివే, అది ఇంకో తమాషా. మా వైపు ఉలి ఆనించి ఒక్క దెబ్బ కొడితే రాయి పుస్తకంలా తెరుచుకునేది. ఇప్పుడు పలకలు వాడే బళ్లు ఎక్కడున్నాయి లెండి.

ఒంగోలువాడు
చీమకుర్తిని మర్చిపోయారు. బ్లాక్ గెలాక్సీ. నల్ల రాయిలో బంగారు చుక్కలు. అది బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం. మా అపార్టుమెంటు మెట్లకి అదే వేశారు, మా పిల్లలు రాళ్ల పాఠం మెట్ల మీద కూర్చుని చదివారు. అమ్మేటప్పుడు గ్రానైట్ అంటారు గానీ రాళ్లు చదివినోళ్లు దాన్ని గ్రానైట్ అనరు, గాబ్రో జాతి అంటారు.

చేపలపులుసు
మా ఆవిడ వంటింటి గట్టుకి అదే కావాలని మా జీతం మొత్తం దాంట్లో పోయింది. గ్రానైటే కాదంటే ఇప్పుడు ఇంట్లో ఎట్టా చెప్పేది.

కొత్తపట్నం_గాలి
వానాకాలం మొదట్లో ఆరుద్ర పురుగులు చూపించండి పిల్లలకి. మేం చిన్నప్పుడు అగ్గిపెట్టెలో పెట్టుకునేవాళ్లం. ఎర్ర మఖమల్ పురుగులు, ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుంటాయి.

కావలి_అక్క
అగ్గిపెట్టెలో వద్దు బాబూ, చచ్చిపోతాయి. అరచేతిలో పెట్టుకుని కాళ్లు లెక్కపెట్టమనండి. ఎనిమిది వస్తాయి. కీటకాలకి ఆరు, దీనికి ఎనిమిది, అంటే ఇది సాలీడుకి, తేలుకి చుట్టం. ఇంకా తిరకాసు ఏంటంటే గుడ్డులోంచి వచ్చిన పిల్లకి ఆరే కాళ్లు. అది మిడతల ఒంటికి అంటుకుని పెరుగుతుంది, తర్వాత విడిపోయి మట్టిలోకి పోతుంది. ఆరుద్ర కార్తె అంటే జూన్ ఆఖరు, ఇంకా టైముంది.

నేలపట్టు పక్షుల కేంద్రం కూడా ఇప్పుడు కాదు, అక్టోబరు తర్వాత. తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మనకి మనదే. నవంబరు, డిసెంబరుల్లో గూడబాతులు (పెలికాన్లు) నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూళ్లు పెట్టి ఉంటాయి. అక్కడి ఊరి వాళ్లు ఆ పక్షుల్ని తరమరు. రెట్టలు పడ్డ చెరువు నీళ్లు పొలాలకి ఎరువు కింద పనికొస్తాయని వాళ్లకి ఎప్పటి నుంచో తెలుసు.

బాధ్యతగల_తండ్రి
అందరూ పిట్టలు, రాళ్లు అంటున్నారు. పదో తరగతి ఎట్టా రాయిస్తారో ఎవరూ చెప్పరే?

కావలి_అక్క
ఎన్ఐఓఎస్, అంటే కేంద్రం వాళ్ల ఓపెన్ స్కూలు. పద్నాలుగేళ్లు నిండితే పదికి కట్టొచ్చు. సైన్సు తీసుకుంటే ప్రాక్టికల్ కూడా ఉంటుంది. మావోడు రాశాడు, పాసయ్యాడు, ఇప్పుడు కాలేజీలో ఉన్నాడు. దీని మీద వేరే చర్చ పెట్టండి, ఇది పక్కదారి పడుతుంది.

బాధ్యతగల_తండ్రి
ఒక్కరు పాసైతే అందరికీ దారి అయినట్టేనా. బీకాం చదివిన తల్లి ఎనిమిదో తరగతి ఫిజిక్స్ ఎట్టా చెప్తుంది?

పెన్నగట్టు_అమ్మ
ఎనిమిదో తరగతికి ఇంకా మూడేళ్లు ఉందండీ. ఈలోపు నేనూ చదువుతాను.

లెక్కలమాస్టారు
బీకాం సంగతి వదిలెయ్యండి. తెలియని తల్లి పిల్లాడితో కలిసి వెతుకుతుంది, అన్నీ తెలిసిన నాలాంటోడు జవాబు ముందే చెప్పేసి పాఠం చెడగొడతాడు. బడి విషయంలో నా మాట మారలేదు, బడి అంటే నలుగురు పిల్లలు కూడా. అది వేరే గొడవ.

నెల్లూరు వాళ్లున్నారు, ఒంగోలు వాళ్లున్నారు కాబట్టి ఒక పని చేద్దాం. నెల్లూరు 14.44 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ 28, 29 తేదీల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు, నిలువు కర్రకి నీడ పడదు. సరిగ్గా పన్నెండుకి కాదు, పన్నెండు దాటి ఏడెనిమిది నిమిషాలకి. మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన నడుస్తాయి, మనం దానికి పడమర ఉన్నాం, అందుకని సూర్యుడు మన నెత్తి మీదికి కొంచెం ఆలస్యంగా వస్తాడు. ఒంగోలుకి ఆ రోజు ఇంకో మూడు నాలుగు రోజుల తర్వాత.

అసలు అదృష్టం ఏంటంటే నెల్లూరు, ఒంగోలు దాదాపు ఒకే రేఖాంశం మీద, ఒకదానికి ఒకటి నిటారుగా ఉత్తర దక్షిణాలుగా ఉన్నాయి. నెల్లూరులో నీడ లేని ఆ నిమిషంలోనే ఒంగోలులో మీటరు కర్రకి ఎంత నీడ పడిందో కొలిస్తే భూమి చుట్టుకొలత వస్తుంది. దాదాపు 2,200 ఏళ్ల కిందట ఈజిప్టులో ఎరటోస్తనీస్ చేసిన పని ఇదే. ఆయనకి అలెగ్జాండ్రియా, సయీన్. మనకి ఒంగోలు, నెల్లూరు.

చేపలపులుసు
ఏప్రిల్ 29 మధ్యాహ్నం పన్నెండుకి మేడ మీద. మాస్టారికి మా మీద ఏమైనా పాత కక్షలున్నాయా?

ఒంగోలువాడు
నేను సివిల్ చదివాను, ఒక అనుమానం. రెండు ఊళ్ల మధ్య అక్షాంశం తేడా డిగ్రీకి కాస్త ఎక్కువ. మీటరు కర్రకి నీడ రెండు సెంటీమీటర్ల లోపే. నీడ అంచు ఎప్పుడూ మసగ్గా ఉంటుంది, సూర్యుడు చుక్క కాదు గదా, అర డిగ్రీ వెడల్పు. ఆ మసకే సెంటీమీటరు దాకా వస్తుంది. కొలతలో అర సెంటీమీటరు అటూ ఇటూ అయితే భూమి 31 వేల కిలోమీటర్ల నుంచి 55 వేల దాకా ఎటైనా పోతుంది. మూడు మీటర్ల గడ పెడదామా?

లెక్కలమాస్టారు
గడ పెంచితే మసక కూడా అంతే పెరుగుతుంది, లాభం లేదు. కర్ర కొసకి అట్టముక్క అడ్డంగా అతికించి దానికి మూడు మిల్లీమీటర్ల చిల్లు పెట్టండి. కింద అట్ట నీడ మధ్యలో గుండ్రటి వెలుగు బిళ్ల పడుతుంది. అది సూర్యుడి బొమ్మే. దాని నడిమధ్య గుర్తు పెట్టండి, అంచు గొడవ ఉండదు. చిల్లు కింద నేల మీద ఎక్కడ ఉందో తెలియడానికి తాపీ మేస్త్రీల తూకం గుండు వేలాడదీయండి.

ఒంగోలువాడు
ఇది బాగుంది. ఇంకొకటి, దూరం మ్యాపులో చూసి తీసుకుంటే భూమి సైజు తెలిసినోడు గీసిన మ్యాపు నుంచి మళ్లీ భూమి సైజు తీసినట్టు కదా?

లెక్కలమాస్టారు
మంచి ప్రశ్న. రైలు టికెట్ మీద కిలోమీటర్లు వేసి ఉంటాయి, పట్టాలు కొలిచి వేసినవి. మన లైను పెద్ద వంపులు లేకుండా ఉత్తరంగానే పోతుంది. నిటారు దూరం సుమారు 118, టికెట్ దూరం కూడా దాని దరిదాపుల్లోనే ఉంటుంది.

పెన్నగట్టు_అమ్మ
బాబుకి కోణాలు ఇంకా రావు. టాన్జెంట్ అంటే పారిపోతాడు.

లెక్కలమాస్టారు
టాన్జెంట్ వద్దు. మీటరు కర్రని వ్యాసార్ధంగా తీసుకుని వృత్తం గీస్తే చుట్టుకొలత 628 సెంటీమీటర్లు. ఒంగోలు వాళ్లు కొలిచింది ఆ 628లో ఎన్నో వంతో, ఈ 118 కిలోమీటర్లు భూమిలో అన్నో వంతు. భాగహారం, గుణకారం వస్తే చాలు.

సూళ్లూరుపేట_మేడ
ఇప్పుడే చదివాను ఇదంతా. మా పిల్లలకి రాకెట్లే సైన్సు. శ్రీహరికోటలో లాంచ్ ఉన్నప్పుడు మేడ మీద నుంచి వెలుగు కనిపించగానే సెకన్లు లెక్కపెట్టమంటాను. నిమిషం దాటాక గాని మోత రాదు. సెకనుకి 340 మీటర్లు వేసుకుంటే ఇరవై రెండు కిలోమీటర్ల చిల్లర వస్తుంది, మ్యాపులో దూరం కూడా అంతే. టీవీ చూసి మాత్రం లెక్క మొదలుపెట్టొద్దు, లైవ్ అంటారు గానీ కొన్ని సెకన్లు వెనక ఉంటుంది. మొదట్లో ఆకాశంలో మబ్బుంటే వెలుగు ఆలస్యంగా కనిపిస్తుంది, అది కూడా చూసుకోవాలి.

అభ్రకం88
నెల్లూరు పాత డాక్టరు ఒకాయన సంగతి కూడా పిల్లలకి చెప్పండి. జెర్డన్ అని, 1840ల్లో ఇక్కడ సివిల్ సర్జన్. వైద్యం కంటే పిట్టల మీదే ధ్యాస. ఇక్కడి జంతువుల గురించి యానాదుల్ని అడిగి చాలా నేర్చుకున్నాడు. కలివికోడి అనే పిట్టకి ఇంగ్లీషులో ఆయన పేరే, జెర్డన్స్ కోర్సర్. ఎనభై ఏళ్లకు పైగా ఎవరికీ కనిపించక, లేదనుకున్నాక 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. మా ఊళ్లో ఎలుక కన్నం చూసి లోపల ఎలుకుందా పాముందా చెప్పే తాతలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల దగ్గర ఒక పూట కూర్చోబెట్టండి, ఫ్రీగా కాదు, వాళ్ల పూట కూలి ఇచ్చి.

పెన్నగట్టు_అమ్మ
ఏప్రిల్ 29 అయిపోయింది. రాస్తున్నాను.

మేడ మీద అట్ట, గుండు పన్నెండుకి ముందే సిద్ధం. పాప గొడుగు పట్టుకుని వచ్చి సరిగ్గా అట్ట మీద నీడ వేసింది, బాబు అరిచాడు, ఇద్దరికీ గొడవ. 12:08కి వెలుగు బిళ్ల గుండు కొస కిందికి వచ్చి కూర్చుంది. గ్లాసు నిలబెడితే చుట్టూ నీడే లేదు. మా అత్తగారు రోలు పక్కన నిలబడి తన నీడ కాళ్ల కిందే ఉందని చూసుకుని, "ఇన్నేళ్లొచ్చినా ఎప్పుడూ గమనించలేదే" అన్నారు. సాయంత్రం పక్కింటామెకి కూడా చెప్పారు. పురుగుల మాట మాత్రం అట్టాగే ఉంది.

ఒంగోలువాడు
మాది 12:07 నుంచి 12:09 దాకా మూడుసార్లు గుర్తు పెట్టాం. గుండు కింద నుంచి ఉత్తరంగా 1.9 సెంటీమీటర్లు. మా అమ్మాయి లెక్క: 628ని 1.9తో భాగిస్తే 330. 330 ఇంటూ 118, 38,940.

లెక్కలమాస్టారు
అసలు 40 వేలకి దగ్గర. మూడు శాతం లోపు తప్పు! ఒక మిల్లీమీటరులో సగం తేడా అంతే. మా తొమ్మిదో తరగతికి ఇది చూపిస్తా, మీ పేర్లు చెప్పను లెండి.

బాధ్యతగల_తండ్రి
కర్ర మీటరు అని ఎట్టా నమ్మారు? చిల్లు ఎత్తు కొలిచారా, కర్ర పొడుగు కొలిచారా?

ఒంగోలువాడు
చిల్లు ఎత్తే. 100 సెంటీమీటర్లు, స్టీలు టేపుతో. మీరు కూడా ఈసారి చేయండి సార్, అనుమానాలు బాగున్నాయి.

కావలి_అక్క
మాకు 0.8 వచ్చింది. మేం మధ్యలో ఉన్నాం కాబట్టి సరిగ్గానే ఉంది. కానీ అంత చిన్న కొలతతో భూమి లెక్క వేయొద్దని మా పాపే అంది.

లెక్కలమాస్టారు
మళ్లీ ఆగస్టు రెండో వారంలో సూర్యుడు నెత్తి మీదికి వస్తాడు, మబ్బులుంటే పోయింది. డిసెంబరులో చేద్దాం, నీడ లేని రోజే కావాలని రూలేం లేదు, రెండు ఊళ్ల కోణాల తేడా ఎప్పుడూ అంతే ఉంటుంది. కాకపోతే అప్పుడు టాన్జెంట్ తప్పదు. ఊళ్ల మధ్య దూరం పెరిగితే తప్పు తగ్గుతుంది. దక్షిణం చివర ఎవరైనా కావాలి.

సూళ్లూరుపేట_మేడ
మేం ఉన్నాం కదా. అట్ట ఎంత మందం ఉండాలి?

లెక్కలమాస్టారు
పెళ్లి శుభలేఖ సరిపోతుంది. చిల్లు గుండ్రంగా ఉండాలి, పెన్సిల్ తో పొడవొద్దు.